మూడు గాజుల ఇల్లు

హాజిరా చేతిలో చెయ్యి పెట్టి అబద్ధం చెప్పిన ఆడమనిషి రాళ్లకుంటలో ఇంతవరకూ పుట్టలేదు. గాజులు తొడిగించుకునేటప్పుడు మనిషికి ఎటూ పారిపోయే వీలుండదు మరి. సబ్బు నురగ రాసి, బొటనవేలి మొదట్లో ఎముకను మెల్లగా నొక్కి, గాజును మణికట్టు దాకా ఎక్కించేలోపు ఇంట్లో సంగతులన్నీ వాటంతటవే బయటికొచ్చేస్తాయి. అత్త సంగతి, ఆడబిడ్డ సంగతి, రెండు షిఫ్టులు చేసొచ్చి మాటా పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకునే మొగుడి సంగతి. హాజిరా అన్నీ వింటుంది. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో వెయ్యదు. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లో ఆమెకున్న పరువంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడింది.

గుమ్మడిదల దాటి లోపలికి పోతే వస్తుంది రాళ్లకుంట. తొంభై ఆరు ఇళ్లు. ఊరికి పడమట మందుల కంపెనీ గోడ. గోడ లేచిన ఏడాది ఊళ్లో కొబ్బరికాయలు కొట్టారు, ఉద్యోగాలొస్తాయని. నిజమే, వచ్చాయి. ఆ తర్వాత బోరునీళ్లకు వాసన వచ్చింది. తర్వాత దగ్గు వచ్చింది, దాని వెనకే దురద వచ్చింది. వచ్చినవాటిలో జీతం ఒక్కటే నెలకోసారి, మిగతావి రోజూ.

కంపెనీ మీద నోరెత్తడానికి మగవాళ్లకు భయం. కాంట్రాక్టు పని, రేపు గేటు దగ్గర కార్డు లాక్కుంటే అడిగే దిక్కులేదు. ఆడవాళ్లు మాత్రం హాజిరా ముందు చేతులు చాచి కూర్చుని అన్నీ చెప్పుకునేవాళ్లు. హాజిరా విని తల ఊపేది. తన ఇంటి దగ్గు సంగతి, తన చేతుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఏడాదైంది. ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి గిన్నెలో బోరునీళ్లే కదా సబ్బు కలిపేది. రోజుకు పదిహేను ఇళ్లు తిరిగితే పదిహేనుసార్లు అదే నీళ్లలో చెయ్యి. మొదట ఎర్రబడింది, తర్వాత గీతలు గీతలుగా చీలింది, చివరికి మోచేతి దాకా పాకింది. పటాన్‌చెరులో డాక్టరు చూసి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదమ్మా అన్నాడు. ఆ మాట డాక్టరుకు తెలుసు, హాజిరాకు తెలుసు. గుమ్మడిదలలో ఇద్దరు కోడళ్లకు తెలియదు. ఆమె వేళ్లు చూసి, చాచిన చేతులు గబుక్కున వెనక్కి తీసుకుని, "ఇయ్యాల వద్దులే అవ్వా" అన్నారు. ఆ రోజు నుంచి హాజిరా మండుటెండలో కూడా మణికట్టు దాటే చేతుల జాకెట్టు వేసుకుంటోంది. వేళ్లకు పసుపు దట్టంగా పూసుకుని, మా అత్త నేర్పిన పద్ధతి అని బొంకుతోంది.

"చెయ్యి చూపిస్తివా, దుకాణం బంద్" అన్నాడు ఆమె భర్త గులాం మొహమ్మద్. పటాన్‌చెరు అడ్డా మీద ఆటో నడిపే మనిషి, మాట కటువు, మనసు మెత్తన. "గాజులమ్మే మనిషికి చేతులే బోర్డు. బోర్డు మీద పుండ్లుంటే ఎవలొస్తరు?"

అందులో అబద్ధమేమీ లేదు. అందుకే హాజిరా పసుపు ఇంకాస్త దట్టంగా పూసుకుంది.

వేసవి మొదట్లో ఊరివాళ్ల అర్జీ మీద విచారణకు ఒక అధికారి వచ్చాడు. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, అలిసిపోయినవాడు. పంచాయతీ రేకుల షెడ్డు కింద కూర్చుని, "అందరూ ఇబ్బంది అంటున్నారు. అందరూ అంటే ఎంతమంది? సగానికి మించి ఇళ్లకు ఇబ్బంది ఉందని లెక్క చూపిస్తే బోర్లు మూయించి, రోజూ మంచినీళ్ల ట్యాంకరు పంపమని రాస్తాను. నోటిమాట మీద రాయలేను" అన్నాడు. వారం గడువిచ్చాడు.

లెక్క ఎవరు తియ్యాలి? మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వార్డు మెంబరు నర్సింహులు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. అతని భార్య మొగులమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఇంటింటికి తిరిగే మనిషి మన హాజిరక్క ఉండంగ గింత ఆలోచనేంది? తలుపు కొడితే తియ్యని ఇల్లున్నదా ఆమెకు?"

హాజిరాకు రాయడం రాదు. చదవడం కూడా బస్సు బోర్డు వరకే. కానీ ఆమెకు ఆమె పద్ధతి ఉంది. దగ్గుకు పచ్చ గాజు, దురదకు ఎర్ర గాజు, నీళ్ల వాసనకు పసుపు గాజు. మూడు దారాలు తీసుకుంది, రంగుకొకటి. ఏ ఇంట్లో ఏది ఉందంటే ఆ రంగు గాజు ఆ దారానికి ఎక్కించింది. నాలుగు రోజుల్లో ఊరంతా తిరిగేసింది. తన ఇంటి దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. ఏ దారానికీ ఏమీ ఎక్కించకుండా తాళం తీసి లోపలికి పోయింది.

పచ్చవి నలభై నాలుగు. ఎర్రవి నలభై రెండు. పసుపువి నలభై ఆరు. నర్సింహులు మూడూ కూడి, తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో రాశాడు: బాధపడుతున్న ఇళ్లు నూట ముప్పై రెండు.

అందరూ పప్పులో కాలేశారు. అంత పెద్ద అంకె చూసి పొంగిపోయారే తప్ప, ఊళ్లో ఉన్నవే తొంభై ఆరు ఇళ్లని ఒక్కరికీ తట్టలేదు. గాజులమ్మే మనిషి పుట్టినప్పటి నుంచీ గాజులే లెక్కపెట్టింది, చేతులు ఎప్పుడు లెక్కపెట్టింది కనక?

గడువు రోజున అధికారి మళ్లీ వచ్చాడు, కంపెనీ తరఫున మహేంద్ర అనే అతనూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, మాటలో మర్యాద. కాగితం చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అధికారి వైపు జరిపి, "సార్, ఊళ్లో ఇళ్లు తొంభై ఆరు. జబ్బు పడ్డ ఇళ్లు నూట ముప్పై రెండట. మిగతా ముప్పై ఆరు ఇళ్లు ఎక్కడున్నాయో వీళ్లనే చూపించమనండి" అన్నాడు.

షెడ్డు కింద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, ఊరివాళ్లు కూడా. నర్సింహులు చల్లగా జారుకున్నాడు. మహేంద్ర హాజిరా వైపు తిరిగి, "గాజులమ్మినట్టు కాదమ్మా లెక్కలంటే. అబద్ధానికైనా ఒక అందం ఉండాలి" అన్నాడు.

హాజిరా ముఖం మీద కొట్టినట్టయింది. ముప్పై ఏళ్లలో ఆమెను అబద్ధాలకోరు అన్న మొదటి మనిషి అతను. అధికారి కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోతుంటే లేచి నిలబడింది.

"ఆగుండ్రి సారూ. లెక్కల తప్పుండొచ్చు. మాటల తప్పు లేదు. నాకు ఇంకో వారం ఇయ్యుండ్రి."

"ఇస్తే?"

"మీరు అడిగినది ఇండ్ల లెక్క. నేను తెచ్చింది గాజుల లెక్క. ఇండ్ల లెక్క తెస్త."

అధికారి తలూపాడు.

ఇంటికొచ్చి చాప మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే ఆ ఇస్త్రీ చొక్కా గెలిచినట్టే అనుకుంది. మలారం విప్పి, అంటే భుజాన వేసుకు తిరిగే గాజుల సరాల మూట విప్పి, ముందు మూడు పెద్ద గాజులు పరిచింది. పచ్చది, ఎర్రది, పసుపుది. ఇంటికొకటి చొప్పున చింతగింజలు తీసుకుంది. మొగులమ్మ ఇంట్లో దగ్గుంది, గింజ పచ్చగాజులో పెట్టింది. మొగులమ్మ ఇంట్లో దురద కూడా ఉంది. ఇంకో గింజ తీయబోయి చెయ్యి ఆపింది.

ఇల్లు ఒకటే అయినప్పుడు గింజలు రెండెట్లవుతయి?

తప్పు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. మొగులమ్మ ఇంటిని మూడుసార్లు లెక్కపెట్టింది, మూడు దారాల మీద. ఒకే గింజ పచ్చగాజులోనూ ఉండాలి, ఎర్రగాజులోనూ ఉండాలి. ఎట్లా? గాజును గాజు మీదికి సగం జరిపింది. రెండూ కలిసిన చోట బాదంపప్పు ఆకారంలో ఒక గది ఏర్పడింది. గింజ అందులో పెట్టింది. పసుపుగాజును కూడా ఆ రెండింటి మీదికి జరిపితే, నడిమధ్యన మూడు గాజులకూ చెందిన చిన్న గది ఒకటి తయారైంది. మొగులమ్మ ఇంటికి అదే చోటు.

హాజిరా ఒక్కతే గట్టిగా నవ్వింది. గులాం వంటింట్లోంచి తొంగిచూసి, ఇదేం పరేషానీ అనుకుని చాయ్ పెట్టడానికి వెనక్కి పోయాడు.

కానీ గాజులు మూడు దారాలకు కలిపి ఎక్కించేసింది కదా, ఏ గాజు ఏ ఇంటిదో చెప్పేదెవరు? మళ్లీ మొదటి నుంచి తిరగాల్సిందే. తిరిగింది. ఈసారి రంగుకో దారం కాదు, ఇంటికో దారం. ఇంట్లో ఏమేం ఉంటే ఆ రంగులన్నీ ఒకే దారానికి కట్టి, చివర చిన్న కాగితం ముక్క మీద ఆ ఇంటివాళ్లతోనే పేరు రాయించింది. ఏమీ లేదన్న ఇంటికి ఉత్త దారం. కొందరు, "లేకున్నా ఒకటి కట్టరాదా అవ్వా, మన ఊరి మంచికే గదా" అన్నారు. "లేనిది కట్టను" అని ఖరాకండిగా చెప్పేసింది. ఆ మాట అంటున్నప్పుడు తన జాకెట్టు చేతులు ఆమెకే బరువుగా అనిపించాయి. తన ఇంటి దారం ఉత్తదే మరి.

బడి వరండాలో దారాలు సర్దుతుంటే లెక్కల టీచరు నాగవల్లి చూసింది. నాగవల్లి వాళ్ల నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది, పెరిగింది పటాన్‌చెరు పక్కనే అయినా మాటలో ఇంకా అటు యాస పోలేదు. నేల మీద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న మూడు వలయాలు చూసి నోరెళ్లబెట్టింది.

"హాజిరా గారూ, ఇది మీకెవరు నేర్పారండీ? వెన్ చిత్రాలు ఇవి! పదో తరగతి పుస్తకంలో ఉన్నాయి. మా పిల్లలకు వారం చెప్పినా సగంమందికి ఎక్కదు."

"పుస్తకంల ఉన్నదా?"

"ఉందండీ."

"అయితే ఆ సారు చదివే ఉంటడు గదా పంతులమ్మా?"

"ఎవరు, మహేంద్ర గారా? ఇంజనీరింగ్ చదివినాయన. తెలియకుండా ఎట్లా ఉంటుందండీ."

హాజిరా దారం ముడి పళ్లతో బిగించింది. తెలియక నవ్వాడంటే ఒక రకం. ఒకే ఇల్లు మూడు చోట్ల లెక్కకొచ్చిందని తెలిసీ నవ్వించాడంటే అతన్ని వదిలిపెట్టే ప్రసక్తే లేదు.

విచారణ రోజు షెడ్డు నిండిపోయింది. పోయినసారి నవ్విన మగవాళ్లు గోడవారన నిలబడ్డారు. హాజిరా ఎవరినీ అడగకుండా సుద్దముక్క తీసుకుని, తాడు పట్టి, నేల మీద మూడు పెద్ద వలయాలు గీసింది. ఒక్కో దారం ఎత్తి, పేరు నాగవల్లితో చదివించి, దాని చోట పెట్టింది. ఒక్క గాజున్నవి ఒంటరి గదుల్లోకి, రెండున్నవి రెండు వలయాలు కలిసిన చోటుకి, మూడున్నవి నడిమికి. ఉత్త దారాలు వలయాల బయట.

"ఇగ లెక్కపెట్టుండ్రి సారూ. గాజులు కాదు, దారాలు."

అధికారి కుర్చీలోంచి లేచి వచ్చి తానే వంగి లెక్కపెట్టాడు. ఒక్క గాజు ఇళ్లు ఇరవై. రెండు గాజుల ఇళ్లు ముప్పై రెండు. మూడు గాజుల ఇళ్లు పదహారు. మొత్తం అరవై ఎనిమిది. బయట ఇరవై ఎనిమిది. రెండూ కలిపితే తొంభై ఆరు.

"మరి ఆ నూట ముప్పై రెండు?" అన్నాడు.

"రెండు గాజులింటిని రెండుసార్లు లెక్కపెట్టిన, మూడు గాజులింటిని మూడుసార్లు. ఇరవై, అరవై నాలుగు, నలభై ఎనిమిది. కూడుండ్రి, గదే నూట ముప్పై రెండు ఒస్తది. మొన్న చెప్పింది అబద్ధం కాదు సారూ, బాధల లెక్క అది. ఇయ్యాల్టిది ఇండ్ల లెక్క."

అధికారి వేళ్ల మీద కూడుకున్నాడు. సరిపోయింది. గోడవారన ఎవరో ఈల వేశారు.

మహేంద్ర ముందుకొచ్చాడు. "సార్, దగ్గు ఎక్కడైనా ఉంటుంది. ఎండాకాలం దురదా ఉంటుంది. నిజంగా ఇబ్బంది అంటే మూడూ ఉన్నవాళ్లే. అంటే పదహారు ఇళ్లు. సగం ఎక్కడ, పదహారు ఎక్కడ?"

"ఒక్కటి ఉన్నోల్ల ఇల్లు ఇల్లు కాదా?" హాజిరా సుద్దతో మూడు వలయాల బయటి అంచును చుట్టూ మళ్లీ ఒకసారి గట్టిగా దిద్దింది. "మూడు జబ్బులూ పట్టినంక లెక్కల వేస్తరా మమ్ముల? ఈ గీత లోపల ఎవలున్నా బాధ పడ్తున్నట్టే. పెద్దసారు అడిగినది గదే."

"అవును, నేనడిగింది అదే" అన్నాడు అధికారి.

మహేంద్రకు ఇక లెక్కలో దారి దొరకలేదు. మనిషి మీదికొచ్చాడు. బయట పడున్న ఉత్త దారాల్లోంచి ఒకటి తీసి, దాని చీటీ చదివాడు. "హాజిరా. నీ ఇల్లేనా అమ్మా ఇది?"

"నాదే."

"చూశారా సార్. రోజూ ప్రతి ఇంట్లో ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లలోనే చెయ్యి పెట్టే మనిషి. ఈమెకే ఏమీ లేదు! కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

గులాం మొహమ్మద్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హాజిరా చూసింది. అవును, నాకేమీ లేదు సారూ అంటే సరిపోతుంది. అరవై ఎనిమిది ఎలాగూ సగం కంటే ఎక్కువే. చేతులు జాకెట్టులోనే ఉంటాయి, దుకాణం నడుస్తుంది. కానీ తొంభై ఆరు దారాల్లో ఒక్క దారం అబద్ధం చెబుతోంది. అది తనది. లేనిది కట్టనని ఊరందరికీ నీతులు చెప్పిన నోరు, ఉన్నదాన్ని దాచింది. ఆమెకు ఒళ్లంతా మండిపోయింది. అతని మీద కంటే తన మీదే ఎక్కువ మండింది.

జాకెట్టు చేతుల గుండీలు విప్పి రెండింటినీ మోచేతి పైకి మడిచింది. గ్లాసు నీళ్లు తీసుకుని వేళ్ల మీది పసుపు కడిగేసింది. పగుళ్లు, ఎండిన పొక్కులు, మోచేతి దాకా ఎర్రటి చారలు. ఆ చేతులు అందరి వైపూ తిప్పి చూపించింది.

"కత్తిపీటకు గూడ ఉన్నది సారూ. దురద ఉన్నది, దగ్గున్నది, నా బోరుకు వాసనున్నది. ఎందుకు దాచిన్నో తెలుసునా? గీ చేతులు చూస్తే ఎవ్వలూ చెయ్యియ్యరని. నా బత్కు గీ చేతుల్లనే ఉన్నది. ఇగ దాచ. తప్పు నాదే, దిద్దుకుంట."

అతని చేతిలోంచి దారం లాక్కుంది. మలారంలోంచి పచ్చది, ఎర్రది, పసుపుది తీసి ముడివేసి, నడిమి గదిలో పెట్టింది.

"పదిహేడు. మొత్తం అరవై తొమ్మిది. బయట ఇరవై ఏడు. ఇంకో మాట సారూ. అబద్ధం చెప్పేటోల్లమైతే ఆ ఇరవై ఏడు ఇండ్లను బయట ఎందుకు ఇడిసిపెడ్తం?"

మహేంద్ర చేతిలో చీటీ ముక్క ఒక్కటే మిగిలింది. అధికారి పెన్ను తీసి కాగితం మీద అరవై తొమ్మిది అని అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాశాడు. కింద సంతకం పెట్టాడు.

గెలిచామని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరి చూపూ ఆ చేతుల మీదే ఉంది. హాజిరా మాత్రం వాటిని మళ్లీ కప్పుకోలేదు. దారాలు ఏరుకుని మలారం కట్టుకోవడం మొదలుపెట్టింది. రేపటి నుంచి ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో ఆమెకు తెలియదు.

మొగులమ్మ వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుక్కూచుని, చెయ్యి చాచింది.

"తొడుగు. డజను, పచ్చయి."

"ఇప్పుడు వద్దులే మొగులమ్మా. అందరు చూస్తున్నరు."

"చూడనీ. నా దారం యాడ పెట్టినవ్?"

"నడిమి గదిల."

"నీది?"

హాజిరా నేల మీద అదే గది వైపు చూపించింది.

"మరి ఇద్దరం ఒకే గదిల ఉన్నోల్లం. నీ నుంచి నాకు కొత్తగ అంటేదేంది? చెయ్యి పట్టు."

హాజిరా చెయ్యి పట్టింది. గాజు ఎప్పటిలాగే చిట్లకుండా ఎక్కింది. మొగులమ్మ వెనక ఇంకో ఇద్దరు కూర్చున్నారు. కొందరు కూర్చోకుండా ఇంటి దారి పట్టారు, అదీ నిజమే. హాజిరా వాళ్లనూ చూసింది, వీళ్లనూ చూసింది.

పోతూ పోతూ మహేంద్ర పంచాయతీ మనిషితో నేల మీద గీతలు కడిగెయ్యమన్నాడు. అతను బకెట్టు తెచ్చాడు.

"కడుగు తమ్మీ" అంది హాజిరా, తల ఎత్తకుండా, మొగులమ్మ మణికట్టు మీదికి తొమ్మిదో గాజు జరుపుతూ. "ఎన్నిసార్లు కడిగినా మళ్ల గీస్త. ఆ బకెట్ల నీళ్లు ఏ బోరువో జెర వాసన చూసి కడుగు."